పూజ తప్ప ఎవరూ ముట్టుకోలేదు

కార్తీక మాసం, బుధవారం. ఇడ్లీ పిండి రుబ్బి మూత పెట్టాను. గ్యాసు బండ మార్చాను. నీళ్ళ ట్యాంకరు వస్తే డ్రమ్ములు నింపాను. చాకలికి దుప్పట్లు వేశాను. కందిపప్పు చెరిగి ఎండలో పోశాను. పప్పు ఇంకా ఎండలో ఉండగానే ఆసుపత్రి నుంచి మా మరిది ఫోను చేశాడు. "వదినా, తను వెళ్ళిపోయింది" అన్నాడు. మా తోటికోడలు పోయింది. ఆ తర్వాత ఆ రోజు ఏం పని చేశానో నాకు గుర్తు లేదు.

పోయినవారి గురించి మెత్తగా రాయాలంటారు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. రాస్తున్న ఈ పూట కూడా అదే ఉంది. కాబట్టి మెత్తదనం కోసం చదివేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు.

నలభై కూడా నిండని మనిషి. జ్వరమని చేరింది. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. ఉన్నట్టుండి చెయ్యి దాటిపోయింది. ముందు రోజు కూడా మంచం మీద నుంచే డాక్టరుగారితో తగువు పెట్టుకుంది. "మందులన్నీ ఒకేసారి మార్చేశారు కదండీ, రేపు తగ్గితే దేనివల్ల తగ్గిందనుకుంటారు?" అంది. ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. ఒక్కటి మార్చు, చూడు, అప్పుడు ఇంకొకటి మార్చు. బతికినన్నాళ్ళూ ఆమె పని చేసిన తీరే అది.

మాది బొబ్బిలి వైపు. మా వారి రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాదు వచ్చాం. మల్కాజ్‌గిరిలో కింది వాటాలో మేమూ మా అత్తగారూ, పై వాటాలో మరిదీ ఆమే. ఆమె ఫిజిక్సు చదివింది. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఒకరోజు మిక్సీ వేస్తే ఇల్లంతా కరెంటు పోయింది. మా వారు ఎలక్ట్రీషియన్ కోసం బయల్దేరుతుంటే పైనుంచి దిగింది.

"ఆగండి బావగారూ. అక్కా, ఇది చివరిసారి బాగా ఎప్పుడు తిరిగింది?"

"మొన్న."

"మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏటి మారింది?"

"ఏం మారలేదే."

"మారింది. మొన్న తిరిగినది ఇవాళ తిరగలేదంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు. మిషను అబద్ధమాడదక్కా, దానికంత తెలివి లేదు."

ప్లగ్గులన్నీ పీకించింది. ఒక్కొక్కటే పెడుతూ మిక్సీ వేసి చూసింది. మా అత్తగారు వేణ్ణీళ్ళ కోసం ఎవరికీ చెప్పకుండా కొనుక్కొచ్చి, అలమర వెనక పెట్టుకున్న రాడ్డు దగ్గర తప్పు దొరికింది. దాని తీగ నలిగిపోయి ఉంది. కొత్త కోడలు దొంగను పట్టినట్టు పట్టుకుందని అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు.

ఆ ఏళ్ళలో సికింద్రాబాదులో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటే. టీ కొట్టు పైన ఒకటి, బట్టల కొట్టు పైన ఒకటి. బ్యానర్ల మీద టై కట్టుకున్న అబ్బాయిలు, వాళ్ళ కింద కంపెనీల పేర్లు. మారేడ్‌పల్లిలో అలాంటి ఒక దాంట్లో ఆమె నేర్చుకుంది, అక్కడే ల్యాబు చూసుకునే మేడమ్ అయింది. పిల్లలు రాసే ప్రోగ్రాములన్నీ ఒకే పెద్ద కంప్యూటర్లో దాచేవారు. దాన్ని సర్వర్ అనేవారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ లినక్సు. ఊరికే దొరుకుతుంది కాబట్టి ఇన్‌స్టిట్యూట్ సారు దాన్ని పెట్టారు. ఆమెకు నచ్చడానికి కారణం వేరు.

"ఇది మూగది కాదక్కా. ఎక్కడ నొప్పో రాసి పెడతాది. చదివే ఓపిక మనకుండాలి."

ఒకసారి ఆ సర్వర్లో చోటు లేదని పని ఆగిపోయింది. కొత్త డిస్కు కొనాలని సారు, వద్దని ఈమె. చూస్తే కాగితం అయిపోయిన ప్రింటరు ఒకటి మూల పడి ఉంది. కాగితం లేదు, కాగితం లేదు అని సర్వర్ రాసుకుంటూ రాసుకుంటూ ఉన్న చోటంతా ఆ రాతతోనే నింపేసుకుంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, "అచ్చం అత్తగారి సణుగుడులాగే" అని నా చెవిలో అంది. వంటింట్లో ఇద్దరం నవ్వుకున్నాం. అత్తగారు "ఏటే ఆ ఇకిలింపు?" అని కేకేశారు.

ఆమె శాంతమూర్తి అని పరామర్శకు వచ్చినవాళ్ళు చాలామంది అన్నారు. వాళ్ళకు ఆమె తెలియదు. ల్యాబులో ఏ పిల్లాడైనా మిషను మొరాయించగానే ఆపి మళ్ళీ వేస్తే మెట్ల కిందికి వినబడేలా అరిచేది. "రీస్టార్ట్ చేస్తే తప్పు పోదురా, సాక్ష్యం పోతాది!" అనేది. మౌసు పనిచెయ్యడం లేదని వచ్చినవాడితో, "ముందు తీగ చూడు, తర్వాత తల పట్టుకో" అనేది. తిట్టేది, దగ్గర కూర్చుని నేర్పేది. నేను ఒకసారి ఏదో పనిమీద వెళ్ళి చూశాను. ఆమె వస్తుంటే పిల్లలు వెన్ను నిటారు చేసి కూర్చున్నారు. బయటికి వెళ్ళగానే ఆమెలాగే మాట్లాడి నవ్వుకున్నారు. ఉత్త భయమే అయితే అలా నవ్వరు.

ఇక అసలు సంగతి.

ఆయుధపూజ వచ్చిందంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది. సారుకు భక్తి ఎక్కువ. కంప్యూటర్లన్నీ వరసగా పెట్టి పసుపు, కుంకుమ, గంధం, కొబ్బరినీళ్ళు. మొదటి ఏడే ఒక కీబోర్డు కొబ్బరినీళ్ళతో పోయింది. అప్పట్నుంచి ఆమె ఒక ఉపాయం చేసింది. ఎప్పుడో చచ్చిపోయిన పాత కంప్యూటరొకటి తుడిచి, ముగ్గు వేసిన పీట మీద కూర్చోబెట్టి, దానికి దండ వేసేది. "పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టాం సార్. పూజ ఆయనకి చెయ్యండి. పనిచేసేవాళ్ళని వెనకాల పని చేసుకోనివ్వండి" అనేది. సారు నవ్వి ఒప్పుకునేవారు. ఆమె భక్తి లేని మనిషి కాదు. శుక్రవారం అమ్మవారికి దీపం పెట్టకుండా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు.

కిందటేడాది కాక ఆ ముందు ఏడు దసరాకి వాళ్ళమ్మకి బాగులేదని ఆమె బొబ్బిలి వెళ్ళింది. తను లేకపోయినా ఇబ్బంది రాకూడదని పిల్లల పనంతా సీడీల్లోకి తీసి బీరువాలో పెట్టి, పాత కంప్యూటర్ని తుడిచి పీట మీద పెట్టి మరీ వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి సర్వర్ పడి ఉంది. వేసిన కాసేపటికే దానంతటది ఆరిపోతోంది. సారు మేనల్లుడు ఆరినప్పుడల్లా మీట నొక్కి వేస్తూ ఉన్నాడు. అలా వేసి వేసి, రాసుకుంటూ ఉండగా ఆరి ఆరి, డిస్కులో దాచినవి చెదిరిపోయాయి. అది పిల్లలు ప్రాజెక్టులు ఇవ్వాల్సిన వారం.

ఆమె ల్యాబులో నిలబడి అడిగిందట, నేను లేనప్పుడు దీన్ని ఎవరు ముట్టుకున్నారని. ఆ మేనల్లుడు, "ఎవ్వరు ముట్టుకోలే మేడమ్. పూజ తప్ప ఏం గాలే" అన్నాడట.

సర్వర్ని ఆటోలో వేసుకుని రాణిగంజ్ వెళ్ళింది. అక్కడ కంప్యూటర్ సామాన్ల దుకాణం భాయ్ ఆమెకు చాలాకాలంగా తెలుసు. ఆమెను చెల్లె అనేవాడు. డబ్బా పక్క రేకు ఆయనే విప్పాడు. మిషను లోపల వేడి తగ్గించే చిన్న ఫ్యాను ఉంటుంది. అది తిరగకపోవడంతో మిషను వేడెక్కి ఆరిపోతోంది. స్క్రూలు తీసి ఫ్యాను వంచితే దాంట్లోంచి బియ్యం రాలాయి. పసుపూ నెయ్యీ కలిపిన బియ్యం. అక్షింతలు. నేతి జిగురుకు రెక్కల సందుల్లో అంటుకుపోయి ఉన్నాయి.

జరిగింది పిల్లలే తర్వాత చాటుగా చెప్పారు; సర్టిఫికెట్లు ఇచ్చేది సారే కాబట్టి పైకి అనలేదు. ఆమె పీట మీద పెట్టిన పాత కంప్యూటర్ని సారు పక్కకు జరిపించారు. "సచ్చిన మిషన్‌కు పూజేంది? నడిచేదానికి జెయ్యాలె" అన్నారు. పైన వేస్తే డబ్బాకే చేరుతుందని, ప్లగ్గు పీకించి, రేకు తీయించి, కళ్ళు మూసుకుని లోపలికి గుప్పెడు అక్షింతలు వేశారు. మళ్ళీ రేకు బిగించి హారతి ఇచ్చారు.

ఆమె ఆ బియ్యం కాగితంలో పొట్లం కట్టి తెచ్చి ఆయన బల్ల మీద విప్పింది. ఆయన చూసి, "ఎలుకలు తెచ్చుంటయ్ మేడమ్" అన్నారు.

"పసుపు కలిపి తెచ్చే ఎలుకలు మీ దగ్గరే ఉన్నాయి సార్" అందామె.

ఆ మాటే ఆమె కొంప ముంచింది. అప్పటికి మెట్ల మీద తల్లిదండ్రులు గుమిగూడి ఉన్నారు. అడ్మిషన్ల కాలం. ఆయన బయటికొచ్చి పిల్లల ముందూ పెద్దల ముందూ అన్నారు: "మేడమ్ ఊరికి వొయ్యేటప్పుడు సర్వర్ సక్కగ వెట్టి పోలే. గీ పైసల్లేకుంట వచ్చే లినక్సు గిట్లనే ఉంటది. రేపటి సంది కొత్త మేడమ్ వస్తరు." ఆమె అప్పటికే కొత్త ఫ్యాను బిగించి, బీరువాలో సీడీలు తీసి, తను ఊరెళ్ళేనాటి వరకు ఉన్న పనంతా వెనక్కి తెచ్చింది. పోయింది తను లేని రోజుల్లో చేసిన పని మాత్రమే. అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటికొచ్చి చెప్పింది. ఇక్కడ నా కోపం ఇన్‌స్టిట్యూట్ గుమ్మం దాటి మా గుమ్మంలోకి వస్తుంది. మా అత్తగారు అంతా విని, "అక్షింతల వల్ల మిషను చెడిందని నోటితో అంటావేటి? కళ్ళు పోతాయే! అమ్మవారి మీద నెపం వేసి ఎవరు బాగుపడ్డారు?" అన్నారు.

"అమ్మవారి మీద కాదత్తయ్యా, ఆయన మీద."

"ఆయన చేసింది పూజేకదా?"

ఆమె దగ్గర ఉన్న రుజువు ఒక్కటే, ఆ గుప్పెడు బియ్యం. దాన్ని చూపిస్తే నాస్తికురాలు. చూపించకపోతే పని రానిది. మా వీధిలో ఒకావిడ నాతోనే అంది, చదువు ఎక్కువైతే దేవుడు లోకువ అని. మా తోటికోడలు అమ్మవారికి నైవేద్యం పెట్టి ఆ ప్రసాదం వీధంతా పంచినప్పుడు అందరికన్నా ముందు గిన్నె పట్టుకొచ్చేది ఆవిడే.

ఆ తర్వాత ఆమెకు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ పని దొరకలేదు. వెళ్ళకముందే పేరు వెళ్ళేది: సర్వర్ పోగొట్టిన మేడమ్. మందుల షాపులు, చిన్న ఆఫీసులు, బొల్లారంలో ఒక బడి, ఇలా పిలిచినచోటికి బస్సుల్లో తిరిగి బాగుచేసి వచ్చేది. ఆ బడిలో హాజరు లెక్కలన్నీ రోజూ ఎప్పటిదో పాత తేదీతో పడుతుంటే పెద్ద దోషమని భయపడ్డారు. లోపల గడియారం సెల్లు అయిపోయిందని చెప్పి, బిళ్ళంత సెల్లు మార్చి వచ్చేసింది. ఎక్కడికెళ్ళినా ఆమె మొదటి ప్రశ్న మాత్రం మారింది. "మీ దగ్గర పూజ ఎప్పుడైంది?" అని అడిగేది. కొందరు నవ్వేవారు. కొందరికి కోపం వచ్చేది. ఆమె నిద్రపోయేది కాదని మరిది చెప్పేవాడు. పని పోయినందుకు కాదు. "నేను సరిగ్గా పెట్టే వెళ్ళానక్కా" అని నాతో ఎన్నిసార్లు అందో. నాకు తెలుసునని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు చాలలేదు. నాకు తెలిస్తే ఏం లాభం?

పెద్దకర్మ రోజున మా ఇంటి ముందు షామియానా వేశాం. భోజనాలు మొదలవ్వబోతుండగా ఇన్‌స్టిట్యూట్ సారు దండ పట్టుకుని వచ్చారు. ఆమె పటానికి దండ వేసి, దణ్ణం పెట్టి, వచ్చినవాళ్ళ వైపు తిరిగి పెద్దమనిషి తరహాలో అన్నారు: "శాన మంచి మేడమ్. కష్టం జేసేది. మనిషన్నంక పొరపాట్లు అయితయ్. మేమైతే ఎప్పుడో మాఫ్ చేసినం."

మాఫ్ చేశారట. నా చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"ఏ పొరపాటండీ?" అన్నాను.

"ఇప్పుడు గవన్నీ ఎందుకమ్మా..."

"మాఫ్ చేశామన్నారు కదా. ఏది మాఫ్ చేశారో చెప్పండి. అక్షింతలు ఎవరు వేశారు?"

మా వారు నా వైపు వద్దన్నట్టు చూశారు. మరిది తల దించుకున్నాడు. షామియానా చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రాణిగంజ్ భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఫ్యాన్ నా చేతుల్తోని విప్పిన సార్. పసుపు బియ్యం నా టేబుల్ మీదనే వడ్డయ్. చెల్లె అడిగింది, భాయ్ వచ్చి ఒక్క మాట చెప్పు అని. నేను పోలే. ముస్లిమోన్ని, మీ పూజ గురించి నోరు తెరిస్తే లోకం ఏమంటదో అని చుప్ ఉన్న. గది ఆమెకు సుత తెలుసు. మల్ల ఎన్నడు అడగలే." ఆయన కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

సారు, "దేవుడి అక్షింతలమ్మా... నేను జేసింది మంచికేకదా..." అన్నారు. ఎవరి వంక చూస్తూ అన్నారో తెలియదు. జవాబు మాత్రం మా అత్తగారు ఇచ్చారు. అప్పటిదాకా గోడకు జారబడి కూర్చుని ఉన్నారు.

"దేవుడి మీదకి తోసీకు బాబూ. అక్షింతలు తల మీద వేస్తారు. పేగుల్లో పోస్తారేటి? పెళ్ళిలో నీ నోట్లో పోసీరా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట మొదటి రోజునే అని ఉంటే ఆ పిల్ల ఎన్ని రాత్రులు నిద్రపోయేది! ఆవిడకూ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తప్పు నాదే తల్లీ" అన్నారు సారు, పటం వైపు తిరిగి గబగబా.

"ఇక్కడ కాదండీ" అన్నాను. "ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

"స్టూడెంట్స్ ముంగట ఎట్ల మేడమ్? పరువు..."

"ఆమెకు లేదా?"

శనివారం ఉదయం ఆయనే ఫోను చేసి రమ్మన్నారు. బయల్దేరుతుంటే అత్తగారు చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా గడప దాటని మనిషి. మారేడ్‌పల్లిలో ఆ రెండంతస్తుల మెట్లు ఒక్కొక్కటే కూర్చుంటూ ఎక్కారు. "ఇన్ని మెట్లు రోజూ ఎక్కీదా?" అన్నారు ఒకచోట ఆగి.

ల్యాబు నిండా పిల్లలు ఉన్నారు. ఆమె దగ్గర చదివినవాళ్ళు ఎవరూ లేరు, అంతా కొత్తవాళ్ళు. అత్తగారికి ఒక అమ్మాయి తన కుర్చీ ఇచ్చి నిలబడింది. సారు ముందుకొచ్చి, చేతిలో మార్కర్ పెన్ను పట్టుకుని, ఎలాంటి ముందుమాటా లేకుండా చెప్పారు. "మీకన్న ముందు ఇక్కడ ఒక మేడమ్ ఉండె. సర్వర్ ఆమె ఖరాబ్ చేసిందని నేను అందరికి చెప్పిన. అబద్ధం. పూజ దినం ఫ్యాన్ల అక్షింతలు వేసింది నేను. ఆమె అంత సక్కగనే వెట్టి పోయింది."

కుర్చీ ఇచ్చిన అమ్మాయి చెయ్యెత్తింది.

"మరి సార్, మీకు తెల్సినంక మేడమ్‌ను మళ్ళ ఎందుకు పిలవలే?"

ఆయన మార్కర్ మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. బోర్డు వైపు తిరిగారు గానీ ఏమీ రాయలేదు. ఆ అమ్మాయి ఎత్తిన చెయ్యి దించలేదు. మేము మెట్లు దిగడానికి లేచేసరికి కూడా అది అలాగే ఉంది.

శనివారం. మారేడ్‌పల్లి వెళ్ళి వచ్చాం. మా తోటికోడలికి రావలసిన మాట ముట్టింది. బాకీ చెల్లు.